రేడియోలో నాన్న

సీటు ఇవ్వనని నేనెప్పుడన్నా అన్నానా బావా? అన్నానా చెప్పు! మీ చెల్లెలు చెప్పిందా? తనకేం, చెప్తుంది. ఈ ఇంట్లో నేను తుమ్మినా అంకితకి రిపోర్ట్ వెళ్తోంది. నాకు తెలీదనుకుంటున్నారు తల్లీకూతుళ్ళు.

తీసుకెళ్ళు, నిక్షేపంలా తీసుకెళ్ళు. దాని రేసు కారు సీటు అదిగో, గరాజ్‌లో ఆ మూల. దుప్పటి లాగకు, నెమ్మదిగా తియ్యి. దుమ్ము పడుతుందని కప్పాను. అందులో ఉన్న ఫోమ్ దాని ఒంటికి తగ్గట్టు పోయించాం. ప్లాస్టిక్ కవర్ పరిచి దాన్ని కూర్చోబెడితే కిందనుంచి ఫోమ్ పొంగి వీపు ఆకారం పట్టేసింది. కదలకే తల్లీ అంటే వింటేనా? చక్కిలిగిలి పెడుతోందని ఒకటే నవ్వు. ఇంకొకళ్ళెవరూ అందులో కూర్చోలేరు. అందుకేగా నిన్ను ఇంత దూరం పంపింది! నాన్నని చూసి రమ్మని పంపలేదు, సీటు తెమ్మని పంపింది.

సర్లే. కూర్చో ముందు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ చీకట్లో బయల్దేరావో ఏమో, మొహం పీక్కుపోయింది. సరోజ కాఫీ కలుపుతోంది. గోంగూర పచ్చడి కూడా కడుతోంది మేనగోడలికి. నీ మేనగోడలికి.

మీ ఇంట్లో ఎలా ఉంది బావా అది?

తింటోందా?

నవ్వుతోందా అని అడుగుతున్నా. ఊరికే తలూపకు.

నువ్వు కార్ల కంపెనీలో జుట్టు నెరిసేదాకా పనిచేశావ్. నీకు కారు గురించి నేను చెప్పేదేముంది? కానీ ట్రాకు పక్కన స్టాండ్స్ మీద, ఆ రేకుల పైన నిలబడటం నీకు తెలీదు. అది నాకే తెలుసు. లోపల పిల్లకి పక్క అద్దాలుండవు. మెడ విరక్కుండా హెల్మెట్‌కి పట్టీలు బిగించేస్తారు, తల తిరగదు. పక్కన ఎవడు దూరాడో దానికి కనపడదు. పైనుంచి మనం చూసి రేడియోలో చెప్పాలి. స్పాటర్ అంటారు. నా కళ్ళు, దాని చేతులు. అంతే.

మూడో క్లాసులో మొదలుపెట్టింది కదా. కౌంటీ ఫెయిర్‌లో చిన్న పిల్లల కార్లు చూసి అక్కడే చతికిలపడింది. ఎంతసేపూ ఎడమ పక్కకి తిరగడమేగా, అందులో ఏముందే అన్నాను. "అదే హార్డ్ నాన్నా" అంది. గుళ్ళో పరంధామయ్యగారు కనపడినప్పుడల్లా, అంత చదువు చదువుకుని వచ్చి ఆడపిల్లని గుండ్రంగా తిప్పుతున్నారటండీ అనేవారు. అవునండీ, చాలా బాగా తిరుగుతోందండీ అనేవాణ్ణి. ఒళ్ళు మండేది సరోజకి.

తెలుగు సంగతి నీకు చెప్పానా? చెప్పే ఉంటాను. మళ్ళీ విను, నాకిప్పుడు చెప్పుకోవడానికి ఇంకేముంది!

ఆ రేడియోలు అందరూ వింటారు. చెవికి ఒక మిషన్ తగిలించుకుని ఎవడి మాటలైనా వినొచ్చు, తప్పేం లేదు, టికెట్ కొన్నవాడు కూడా వింటాడు. ఇది కాస్త పెద్ద కారులోకి వచ్చిన కొత్తలో నేను ఇంగ్లీషులోనే చెప్పేవాణ్ణి. వచ్చే రౌండ్లో కింద నుంచి దూరు అనేలోపే ముందున్న కుర్రాడు కిందకి జరిగేవాడు. వాళ్ళ నాన్న మా మాటలు విని వాడికి చేరేసేవాడు! రెండు మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. తర్వాత అదే అంది, "నాన్నా, లెట్స్ డూ తెలుగు."

ఇంక చూస్కో. లోపలంటే ఎడమ పక్క, పైన అంటే గోడ పక్క. "లోపలున్నాడు." "పైన ఖాళీ." "దాటేశావ్, దాటేశావ్, పోనీ!" దాని నోటికి ఖాళీ రాదు, "కాలీ" అంటుంది. "పైనా కాలీ నాన్నా?" అని అడిగేది. ఇంట్లో నీళ్ళు తెమ్మంటే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల బావా! ఆ కారులో కూర్చుంటే తెలుగే. ఒకాయన వచ్చి నన్నడిగాడు, మీరు మాట్లాడేది ఏ దేశం కోడ్ అని. మా అమ్మ కోడ్ అన్నాను.

గెలిచింది. ఊరికే గెలిచిందా? ఇల్లినాయిస్, ఇండియానా, ఆ మొక్కజొన్న చేల మధ్య ఎన్ని ట్రాకులున్నాయో అన్నిట్లోనూ దాని పేరు తెలుసు. చెయ్యి ఊపితే పిల్లలు అరిచేవాళ్ళు. ఆఫీసులో నా మొహం ఎవడికీ తెలీదు గానీ అక్కడ నన్ను అంకిత వాళ్ళ డాడ్ అనేవాళ్ళు.

ఆ, వస్తున్నా, ఆ రోజుకే వస్తున్నా. నువ్వు దాని వైపు నుంచి విన్నావుగా. ఇటు నుంచి కూడా విను.

కరోలినా నుంచి పెద్ద టీమ్ వాళ్ళొచ్చారు దాన్ని చూడటానికి. ఒకాయన కూర్చున్నాడు, చల్లగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. బాగా చేస్తే వచ్చే ఏడాది వాళ్ళ కారు. దాని వయసు పిల్లలందరూ కలవరించేది దాని కోసమే. 

మధ్యాహ్నం ప్రాక్టీసులో వెనక నుంచి ఒకడు తగిలాడు. గోడకి కొట్టుకుంది. పెద్దదేం కాదు, అంతకన్నా పెద్దవి చూశాం. కారు నెట్టుకొచ్చి రేకు కొట్టి సరిచేశారు. మెడికల్ వాళ్ళొచ్చి అడిగారు, ఈరోజేం వారం, ఇదేం ట్రాకు, ప్రెసిడెంట్ ఎవరు అని. టకటకా చెప్పేసింది. ఆ ప్రశ్నలు ఆ పిల్లలందరికీ కంఠతా వచ్చు బావా! ఓకే అన్నారు. నేనూ ఓకే అనుకున్నాను.

సాయంత్రం చిన్న రేసు ఒకటి ఉంటుంది, పెద్ద రేసుకి ముందు. ఎక్కాను పైకి. జెండా ఊపారు. "లోపలున్నాడు" అన్నాను.

లోపలికే తిప్పింది.

 వెంట్రుకవాసిలో తప్పింది. ఏంటమ్మా, లోపలున్నాడన్నాగా అంటే "కాపీ" అంది, వినపడిందని. సరే, పొరపాటులే. మళ్ళీ "పైన ఖాళీ, పోనీ" అన్నాను. పోలేదు. రేడియోలో గరగర శబ్దం. ఆ తర్వాత, "డాడ్, వాట్? సే దట్ ఇన్ ఇంగ్లీష్."

నన్ను డాడ్ అంది. ఆ కారులో కూర్చుని ఎప్పుడూ నన్ను డాడ్ అనలేదది.

ఇంగ్లీషులో చెప్పాను. చక్కగా నడిపింది. రెండో స్థానంలో వచ్చింది! కరోలినా ఆయన చప్పట్లు కొడుతున్నాడు. నేను మెట్లు దిగి పరిగెత్తాను. హెల్మెట్ తీసింది, నవ్వుతోంది. అమ్మలూ, పైన అంటే ఏంటే అని అడిగాను. "నాట్ నౌ" అంది. చెప్పవే, ఒక్కసారి చెప్పు అన్నా. నా వంక చూసింది. వెతుక్కుంటోంది బావా. నా మొహంలో వెతుక్కుంటోంది జవాబు. "ఇన్‌సైడ్?" అంది.

ఇంగ్లీషులో అడిగినవాళ్ళందరికీ అది బాగానే ఉంది. మెడికల్ వాళ్ళకి బాగానే ఉంది, టీమ్‌కి బాగానే ఉంది. బాగా లేదని ఆ మైదానం మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలుగు వచ్చినవాడు ఇంకొకడు ఉండుంటే బాగుండు! వాడు చెప్పేవాడు. వాణ్ణి తిట్టుకుంటూ పిల్లని ఓదారుస్తూ హాయిగా ఉండేవాణ్ణి నేను.

మానేయమని దాన్నే అడిగాను ముందు. బతిమాలాను. "ఐ యామ్ ఫైన్ నాన్నా, ప్లీజ్ నాన్నా" అంది. ఇప్పుడు నాన్న అంటోంది చూడు! అప్పటికి పెద్ద రేసుకి పిలుస్తున్నారు. వెళ్ళి కూర్చుంది, బెల్టులు బిగించుకుంది, ఇంజను మొదలెట్టింది.

నేను రేకుల మీదకి ఎక్కలేదు. రేసు నడిపే ఆఫీసర్ దగ్గరకి వెళ్ళి చెప్పేశాను.

ఆయన వచ్చి కారు కిటికీకి కట్టిన వల విప్పి ఇంజను ఆపమన్నాడు. అది ఆయన వంక చూడలేదు. ఆయన భుజం మీద నుంచి నన్ను చూసింది. ఆ చూపు... సర్లే, వద్దులే.

అవును, స్కాన్‌లో ఏమీ కనపడలేదు. నాకు తెలుసు బావా, అది నీకు చెప్పే ఉంటుంది. ఆ దెబ్బ స్కాన్‌లో కనపడదని డాక్టర్ అక్కడే చెప్పింది. మెదడు కదిలింది, ఈ సీజన్‌కి కారు ఎక్కడానికి వీల్లేదు అంది. ఆ పూట మళ్ళీ తగిలి ఉంటే ఏమయ్యేదండీ అని అడిగాను. చెప్పలేం, ఏమీ కాకపోయుండొచ్చు కూడా అంది. ఆ చివరి ముక్క ఒక్కటే గుర్తుపెట్టుకుంది మన మహాతల్లి.

కరోలినా వాళ్ళు వేరే కుర్రాణ్ణి తీసుకున్నారు. వాళ్ళనేం అంటాం?

ఇంటికొచ్చాం. వాకిట్లో దిగాక అంది, "యు టాక్ టు మీ నాన్నా. నాట్ అబౌట్ మీ." నాతో మాట్లాడటం నీ పని, నా గురించి మాట్లాడటం కాదు అని. అంతే. తర్వాత పద్దెనిమిది నిండాయి, డాక్టర్ సరేనంది, బ్యాగు సర్దుకుని నీ ఇంటికొచ్చేసింది. మిషిగన్‌లో కొత్త కారు చూసుకుంది. మంచిదే. నిజంగా మంచిదే బావా, నీ దగ్గరుంది, అన్నం తింటోంది. నీకు దండం పెట్టాలి నేను.

కానీ నిన్న ఫోన్లో ఏం చెప్పావు నువ్వు! నాకు రాత్రంతా నిద్రుందా?

మళ్ళీ నన్ను పైకెక్కమందా? నిజంగా అందా, లేకపోతే నువ్వు కలిపావా? అక్కడి మనిషి ఇంగ్లీషులో చెప్తుంటే దానికి తోచట్లేదందా? నాన్న కావాలని... నాన్న అనే అందా?

కండిషన్ ఒకటి పెట్టిందన్నావు. మళ్ళీ అలాంటిది జరిగితే నేను ఎవరికీ చెప్పకూడదు. ఏది చూసినా, ఏది విన్నా దానితోనే చెప్పాలి, ఆగాలో వద్దో అదే తేల్చుకుంటుంది. మాట ఇస్తే చాలు, వచ్చే శనివారమే రేడియో నా చేతికి.

ఏం అన్యాయం ఉంది అందులో? పెద్దపిల్ల. దాని తల, దాని ఇష్టం. నేనూ అదే అనుకున్నాను తెల్లారేదాకా.

ఆ? అబద్ధం చెప్పమంటావా? ఊ కొట్టెయ్, ఆ రోజొస్తే చూసుకుందాం అంటావా? నేను అనుకోలేదనుకున్నావా ఆ మాట? పొద్దున బాత్రూంలో తలుపేసుకుని ప్రాక్టీస్ చేశాను బావా! "చెప్పనమ్మా, ఎవరికీ చెప్పను" అని. సరోజ తలుపు కొట్టింది, ఎవరితో మాట్లాడుతున్నారు అని. అద్దంలో నా మొహం చూసి నాకే సిగ్గేసింది.

అది నా గొంతు విని గంటకి వంద మైళ్ళలో గోడ పక్కన దూరిన పిల్ల. నేను ఖాళీ అంటే ఖాళీయే దానికి. తిరిగి చూసుకోదు, చూసుకోలేదు. అలాంటిదానికి ఒక్కసారి అబద్ధం చెప్పానంటే, తర్వాత నేను ఖాళీ అన్నప్పుడు అది ఏం నమ్మి తిప్పుతుంది?

పోనీ నిజంగానే మాట ఇచ్చి నిలబడదామా? ఇస్తాను. పైకెక్కుతాను. ఒకరోజు మళ్ళీ రేడియోలో ఆ గరగర వస్తుంది, మళ్ళీ "వాట్, డాడ్?" అంటుంది. అప్పుడు ఆగవే అంటాను. ఆగనంటుంది. దెబ్బ తిన్న తలతో ఆగనంటుంది బావా, ఆ తలనే కదా తేల్చుకోమంటున్నాం! నేను మాటిచ్చానని రేకుల మీద నోరు మూసుకుని చూస్తూ నిలబడాలా?

నా వల్ల కాదు. నేను చెప్పేస్తాను. ఆ రోజు చెప్పాను, రేపు చెప్తాను, నాకు అరవై ఏళ్ళొచ్చినా చెప్తాను. అది నన్ను చచ్చేదాకా క్షమించకపోయినా చెప్తాను.

కాదన్నానని చెప్పు దానికి. మాట ఇవ్వనన్నాడు మీ నాన్న అని చెప్పు. కోపంగా అన్నాడని చెప్పకు. సరోజ ఏడుస్తోందని అదీ ఇదీ కలపకు. ఇంకో మనిషిని చూసుకోమను, మంచివాణ్ణి, కళ్ళు సరిగ్గా ఉన్నవాణ్ణి. తెలుగు రాకపోయినా పర్లేదు.

లే, పొద్దెక్కుతోంది. పట్టు, ఆ పక్క పట్టు. వాన్‌లో వీపు పైకి ఉండేలా పడుకోబెట్టు, ఫోమ్ నలుగుతుంది.

బావా, ఒక్కమాట. దానికి చెప్పాక... ఏడిస్తే నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా చెయ్యి.

ఏడవకపోతే చెయ్యొద్దులే.