గట్టున పెట్టిన ఒట్టు

తలుపు వేసి రండి. గడియ కూడా పెట్టండి. అబ్బ, అలా కాదు, కాస్త పైకెత్తి తొయ్యాలి. మా చెల్లి ఇంటికొచ్చి ఇన్ని రోజులైంది, ఈ గడియ సంగతి ఇంకా పట్టుబడలేదా మీకు?

ఊఁ. చివరికి మిమ్మల్నే పంపారన్నమాట. కింద అందరూ కారెక్కి కూర్చుని ఉంటారు, ఈవిడింకా దిగదేంటని. కోడలే కదా అంది, 'మావయ్యగారూ, మీరు చెబితే వింటారు' అని? వింటానండీ. పెళ్ళయినప్పట్నుంచీ వింటూనే ఉన్నా. ఇవాళ మీరు వినండి.

నేను రాను. ఆ సరస్సు చూడను, పడవెక్కను. ఆ చక్రాల కుర్చీలో అసలే కూర్చోను.

నేల మీద కూర్చున్నానేంటా అని చూస్తున్నారా? మంచం మీదే కూర్చోవాలని రూలేమన్నా ఉందా? చల్లగా ఉంది, కూర్చున్నా. ఒక కాలికే బూటుందా? ఉండనివ్వండి. రెండోది వేసుకోబుద్ధి కాలేదు. నన్ను లేపడానికి రావద్దు. ఆ కుర్చీ లాక్కుని అక్కడే కూర్చోండి, దూరంగా.

ఇప్పుడు చెప్పండి. ఎవరెవరికి చెప్పారు?

లెక్క మర్చిపోయారా? సరే, నేనే చెబుతా. అబ్బాయికి చెప్పారు. వాడు పెళ్ళానికి చెప్పాడు, అది మామూలే. మా చెల్లికి ఫోన్ చేసి మరీ చెప్పారు. అది వాళ్ళాయనకి చెప్పింది. ఆఖరికి మనవరాలికి, ఆ పాలపళ్ళు ఊడుతున్న బుడంకాయకి కూడా చెప్పారు! తెలియనిదల్లా నాకొక్కదానికే. నా కాళ్ళ సంగతి అందరికీ తెలుసు, వాళ్ళకి తెలుసన్న సంగతే నాకు తెలీదు.

జన్మంతా లైబ్రరీలో కూర్చుని వచ్చిన వాళ్ళనల్లా 'ష్, మాట్లాడొద్దు' అన్న మనిషి మీరు. ఒక్క మాట కడుపులో దాచుకోలేకపోయారే!

డాబా మీద బట్టలు ఆరేసి దిగుతుంటే కాలు మడత పడి మెట్ల మీద పడ్డాను. నిజమే. అప్పుడు మీ చెయ్యి లాక్కుని నా నెత్తిన పెట్టుకుని ఏమన్నాను? ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యండి అన్నాను. వేశారా లేదా? 'నీ మీదొట్టు' అన్నారా లేదా? నా నెత్తి మీదండీ! ఇంకెవరి నెత్తి మీదో కాదు!

ఎందుకు వేయించుకున్నానో మీకు తెలీదా? అబ్బాయికి తెలిస్తే మొదట ఆపేది గ్రౌండేనని. డ్రిల్లు టీచరుగా రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే బడి గ్రౌండుకెళ్ళి ఆ పిల్లల్ని ఉచితంగా పరిగెత్తిస్తున్నానంటే, వాళ్ళ కోసమనుకున్నారా? నా కోసమండీ. మెడలో ఈల వేసుకుని గ్రౌండులో కాలు పెడితే అప్పుడు నేను నేను. పిల్లలు వెనకాల 'ఈలమ్మ వస్తోందిరోయ్' అంటారు చూడండి, ఆ మాట వినకపోతే నాకు పొద్దెక్కదు. ఎండలో ఎంతెంత మందిని అటెన్షన్‌లో నిలబెట్టానో! అలాంటిదాన్ని పట్టుకుని చక్రాల మీద కూర్చోబెట్టారు కదా, అందరూ కలిసి.

అదీ ఎలా? ముద్దుగా, మాయ చేసి.

విమానం టికెట్లు తీసినప్పుడు అబ్బాయి ఏమన్నాడు? 'అమ్మా, నీకు వీల్‌చైర్ పెట్టిస్తున్నా. పెద్దవాళ్ళందరికీ పెట్టిస్తారు. దారి తప్పేది ఉండదు, నీ పేరు చెప్పుకుని మేమంతా లైను తప్పించుకోవచ్చు' అన్నాడు. నేను ఛీ అన్నా. అప్పుడు మీరేమన్నారు? 'పోనీలేవే, పిల్లది లైన్లో నిలబడలేదు, దాని కోసమన్నా కూర్చో' అన్నారు. ఎంత అమాయకంగా అన్నారండీ! ఆ ముఖం చూసి ఎవరైనా నమ్ముతారు.

నమ్మాను. నమ్మడమేంటి, ఉత్సాహంగా వేషం కట్టాను! విమానాశ్రయంలో మూలిగానా లేదా? ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, 'అమ్మో, అయ్యో' అని. ఆ ఎత్తైన టవర్ దగ్గర ఊరు ఊరంతా ఎండలో నిలబడితే, మనల్ని పక్క తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళారు. లైన్లో ఉన్న ఒకావిడ నా వంక చూసి చేత్తో గుండె పట్టుకుంది, పాపం అన్నట్టు. నేను తల వాల్చేసి, బుడంకాయకి మాత్రం కన్ను కొట్టాను. లిఫ్టెక్కాక ఇద్దరం ఎంత నవ్వుకున్నామో! 'చూశావా, మీ నానమ్మ ఎంత నటీమణో' అన్నా. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు.

మీరంతా నవ్వింది దేనికో ఇప్పుడు తెలిసింది. ఆవిడ జాలి పడింది నిజమైన దాని మీదే. వేషం అనుకున్నది నేనొక్కదాన్నే.

ఉండండి, ఇంకా అవలేదు. ఆ దిండు ఇటు విసరండి. నడుం కింద పెట్టుకుంటా. దగ్గరికి రాకుండా విసరండి. ఆఁ.

నిన్న ఆ పాత రాజభవనానికి వెళ్ళాం కదా. వాన. నరపురుగన్నది లేదు అక్కడ. టికెట్లిచ్చే అమ్మాయి ఆవలిస్తోంది. లైనే లేకపోతే నాకు కుర్చీ ఎందుకురా, ఇవాళ నడుస్తా, అని లేచి నిలబడ్డానా? 'అమ్మా!' అని కేక పెట్టాడు వాడు. ఆ కేక నాకు తెలుసండీ. వాడు చిన్నప్పుడు పిట్టగోడ ఎక్కితే నేను పెట్టిన కేక అది.

నాలుగు వైపుల నుంచీ చేతులొచ్చాయి. కోడలు ఒక జబ్బ, చెల్లి ఒక జబ్బ, మరిది వెనకాల వల పట్టినట్టు చేతులు చాపి. మీరేమో కళ్ళు మూసేసుకున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలు కప్పారు. ఎవరూ నా ముఖం చూడలేదు. గోడ మీద ఎవరో రాణిగారి పటం ఉంటే, అందరూ దాన్నే చూశారు.

అప్పుడు బుడంకాయ నా చెవిలో అంది కదా, 'నానమ్మా, నువ్వు లేవకూడదు, పడిపోతావు' అని. ఎవరే చెప్పారు అంటే నోరు మూసేసుకుంది, రెండు చేతులతో. చెప్పవే అంటే తల అడ్డంగా ఊపింది. 'తాతయ్య ఒట్టేయించుకున్నారు. నీకు చెప్తే ఒట్టు తప్పుతుంది' అంది.

వింటున్నారా? నా నెత్తి మీద వేసిన ఒట్టు తప్పిన మనిషి, పిల్ల చేత ఒట్టేయించుకున్నాడట! ఎక్కడా చూడలేదండీ ఇలాంటిది.

'ఒట్టు తీసి గట్టు మీద పెట్టెయ్యవే, ఇక తప్పేం కాదు' అన్నా. మా చిన్నప్పుడు మేం అనుకునే మాటే కదా. దానికేం తెలుసు? 'గట్టెక్కడుంది నానమ్మా?' అంది. 'మీ చిన్న నానమ్మ ఇంటి వెనక ఏటి గట్టు ఉంది కదా, అదే' అన్నా, ఏదో నోటికొచ్చి. అంతే. తన నెత్తి మీంచి ఏదో తీసినట్టు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. మళ్ళీ ఆ గుప్పిట విప్పలేదు. కారులో వాళ్ళమ్మ బిస్కెట్ ఇస్తే ఎడం చేత్తో తింది. చెయ్యి తుడుస్తానంటే ఇవ్వలేదు. ఎందుకే ఏడుస్తావని మీరే కదా అడిగారు? చెయ్యి నెప్పెట్టి ఏడ్చిందండీ. ఇంటికి రాగానే వానలో వెనక్కి పరిగెత్తి, గట్టు మీద ఒక రాయి చూసుకుని, దాని పక్కన జాగ్రత్తగా పెట్టి వచ్చింది. అప్పుడు చెప్పింది నాకు, అంతా, పూసగుచ్చినట్టు.

దానికున్న పాటి నిజాయితీ మీకు లేదు. మీరు గట్టు దాకా కూడా వెళ్ళలేదు. ఇంట్లో కూర్చునే ఫోన్ తీశారు.

ఇంకా నాకు రాత్రంతా ఒక ఆశ. మిగతా వాళ్ళు సరే, సంగతి తెలిసినా మా చెల్లి నన్ను మోసం చెయ్యదు అని. దానికి అడుగులు నేర్పింది నేను. బడికి రానని మొరాయిస్తే రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళింది నేను. అసలీ దేశం నేనొచ్చింది టవర్లు చూడ్డానికనుకున్నారా? అది ఎప్పట్నుంచో ఫోన్లో ఊరిస్తోంది. 'అక్కా, మా ఇంటి వెనక ఏటి గట్టుంది, నువ్వొస్తే ఇద్దరం పొద్దున్నే వంతెన దాకా నడిచి, అక్కడి బల్ల మీద కూర్చుని అందరి మీదా చాడీలు చెప్పుకుందాం' అని. అందుకే వచ్చా. కింద గది ఇస్తే వద్దని, గట్టు కనిపిస్తుందని ఈ మేడ గదే కావాలన్నా. మెట్లెక్కేటప్పుడల్లా అబ్బాయి చెయ్యి పట్టుకుంటే, 'మెట్లు నునుపమ్మా' అంటే, వాడికి నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయా.

వచ్చిన మర్నాడే బూట్లేసుకుని తయారయ్యా. అది 'ఇవాళ మబ్బుగా ఉందక్కా' అంది. తర్వాత చలి అంది. ఆ తర్వాత 'నా మోకాలు పట్టేసిందక్కా, అడుగు వెయ్యలేను' అంది. అయ్యో పాపం అనుకున్నా. సంచిలో తెచ్చుకున్న నొప్పుల మందు సీసా తీసి, రోజూ దాని కాలు ఒళ్ళో పెట్టుకుని రాశానండీ. ఒకరోజు కుడి మోకాలు చాపింది, ఒకరోజు ఎడమది. అప్పుడైనా నా బుర్ర వెలగొద్దూ? అటూ ఇటూ తిరుగుతుందేమో నొప్పి అనుకుని రెండింటికీ రాశా.

నా కాళ్ళకి రాసుకోవాల్సిన మందది. నేనెప్పుడూ చాటుగానే రాసుకున్నా.

ఇవాళ పొద్దున మెలకువొచ్చి కిటికీ తీశా. మీరు గుర్రు పెడుతున్నారు. గట్టు మీద ఎవరో నడుస్తున్నారు. నడకా అది! చేతులు ఊపుకుంటూ, రెక్కలొచ్చినట్టు. అబ్బ, ఎవరో గానీ ఎంత బాగా నడుస్తోంది అనుకున్నా. నా అలవాటు కదా, నడక చూస్తే మార్కులు వేస్తా. వంతెన దగ్గర వెనక్కి తిరిగింది. ఎర్ర శాలువా. మొన్న నేను దానికి తెచ్చిచ్చిన ఎర్ర శాలువా.

రోజూ వెళుతోందండీ! నేను లేవకముందే వెళ్ళొచ్చి, నేను కాఫీకి దిగేసరికి కాలు చాపుకుని కూర్చుంటోంది, మందు రాయించుకోవడానికి.

ఏంటి? నా కోసమే అంటారా? నా మనసు కష్టపెట్టలేక అంటారా? ఆ మాట ఒక్కటి అనకండి. నాకు ఒళ్ళు మండుతుంది. నా కోసం, నా కోసం అని అందరూ కలిసి నన్ను బయట నిలబెట్టి తలుపేసుకున్నారు. 'నీకు కాళ్ళు సరిగ్గా లేవు, మెల్లగా నడుద్దాం పద' అని ఉంటే నడిచేదాన్ని కాదా? నాలుగడుగులు వేసి కూర్చునేదాన్ని. ఆ గట్టు మీదే కూర్చునేదాన్ని. మా చెల్లి పక్కన.

ఏమన్నారు? గట్టిగా చెప్పండి.

భయమేసిందా.

నన్ను లేపలేకపోయారా. ఆ రోజు మెట్ల దగ్గర.

...అవును. లేపబోయి మీరూ కూలబడ్డారు. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం, తడి బట్టల బకెట్టు పక్కన పెట్టుకుని. మీరు లేవడానికి రెండుసార్లు గోడ పట్టుకున్నారు. నేను చూశాను. చూసి, ఏమీ చూడనట్టు మీ చేత ఒట్టేయించుకున్నాను. మీరు దాన్ని మోసుకుని తిరుగుతున్నారని నాకు తట్టలేదు. నా గ్రౌండు, నా ఈల... అంతే తట్టింది.

అయినా సరే. చెప్పేముందు నాకొక్క మాట చెప్పాల్సింది. 'ఒట్టు మొయ్యలేకపోతున్నానే, దించేస్తున్నా' అని. అదొక్కటీ చేసి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదు. మీ మీద కోపం పోలేదు, పోదు కూడా. మన ఊరెళ్ళాక కూడా సాధిస్తాను. తెలుసుకోండి.

హారన్ కొడుతున్నారు. కొట్టుకోనివ్వండి.

దగ్గరికి రండి. పర్లేదు, ఇప్పుడు రండి.

చెల్లిని గట్టు మీద చూశాక ఊరుకోలేకపోయా. నేనూ వెళతా, ఎదురుగా నిలబడి మోకాలెలా ఉందే అని అడుగుతా అనుకున్నా. మీరు కాఫీకి కిందికి వెళ్ళాక బూట్లు తీసుకున్నా. ఒకటి వేసుకున్నా. రెండోది వేసుకుంటూ వంగానా... అంతే. చప్పుడు కూడా కాలేదు.

అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నానండీ. చల్లగా ఉందని కాదు. లేవలేక.

వద్దు, మీరు లేపకండి. ఏడవకండి కూడా, అబ్బాయి చూస్తే కంగారు పడతాడు. తలుపవతల నుంచి నన్ను పిలిచిన వాళ్ళందరికీ తల నొప్పనీ, నిద్దరనీ చెప్పి పంపేశా. మీకూ అదే చెప్పేదాన్ని. ఒట్టేయించుకునేదాన్ని కూడా. నోటి దాకా వచ్చింది.

నా నెత్తి మీద చెయ్యి పెట్టండి. ఊఁ. తీసేయండి. అంతే, అయిపోయింది. ఇక అది మీ మీద లేదు. బుడంకాయని పిలిచి ఇస్తే ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు.

వెళ్ళి ఆ చక్రాల కుర్చీ పైకి తెప్పించండి. అబ్బాయిని కూడా పిలవండి. మీ ఒక్కరి వల్ల కాదు.