ఏడో జాయింటు

ఎందుకే నవ్వుతావు? మీ నాన్నని ఆ డ్రైవర్లు ఇంకా భూతద్దం అనే అంటున్నారా? అననీ. మనిషి పోయి ఇన్నేళ్లైనా పేరు ఉందంటే మంచిదే. నువ్వు ముందు బండి కిందికి దూరు. ఆ పాత చాప పరుచుకో. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టావా? పెట్టానంటే కాదు, కాలితో తన్ని చూడు. పొద్దున మలుపులో స్టీరింగు బిగుసుకుపోయి ఫుట్‌పాత్ ఎక్కిందని ఫోన్లో నవ్వుతూ చెప్పావు చూడు, అప్పుడే అటక మీంచి మీ నాన్న గ్రీజు గన్ దింపాను. మధ్యాహ్నం లోడు ఎక్కడికీ పోదు, వాళ్లనే ఆగమను. వర్క్‌షాపు అతను ముందు చక్రాల దగ్గరంతా గ్రీజు కొట్టానన్నాడు, సరే. కొడుతుంటే నువ్వు చూశావా? టీ తాగడానికి వెళ్లావు. అదీ సంగతి.

మీ నాన్నైతే టీ గ్లాసు పట్టుకుని వర్క్‌షాపులో బండి కింద ఉండే గొయ్యిలోకే దిగేవారు. అందుకే ఏ మెకానిక్కూ ఆయన్ని రానిచ్చేవాడు కాదు. "అన్నా, నువ్వు రాకు, బండి పంపించు చాలు" అనేవాడు. చివరికి ఆయనే గన్ కొనుక్కున్నారు. రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున్నే, ఇదిగో ఇక్కడే. ఒక్క గ్రీజేనా? డీజిల్ కొట్టించుకుంటే పైపు చివర చుక్క రాలేదాకా కదిలేవారు కాదు. మంగలి దగ్గర రెండు చెవుల పక్కా జుట్టు సమానంగా ఉందా అని వేలు పెట్టి కొలుచుకునేవారు. ఇంటికి తాళం నేనేస్తే, వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చి లాగి చూసేవారు. నేనేసిన తాళం. కొత్తలో ఏడ్చేదాన్ని. తర్వాత అలవాటైపోయి, నేనే వీధి చివర ఆగి నిలబడేదాన్ని, వెళ్లి లాగి రమ్మని.

గుడ్డ తీసుకో. కడ్డీలు కలిసేచోట జాయింటు మీద చిన్న బొడిపె ఉంటుంది, ఇత్తడిది, తగిలిందా? దాన్ని శుభ్రంగా తుడవాలి ముందు. తుడవకుండా గన్ పెడితే మట్టే లోపలికి పోయి కూర్చుంటుంది. గన్ మూతి టక్కుమని పట్టుకోవాలి. ఇప్పుడు కొట్టు. మెల్లగా. రబ్బరు తొడుగు కాస్త ఉబ్బి, అంచు నుంచి నల్లగా పాతది బయటికి రావాలి. వచ్చిందా? అది వస్తేనే కొత్తది లోపలికి వెళ్లినట్టు. మీ నాన్న ఆ నల్లదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవారు, ఇసుక తగులుతుందా, ఇనప రజను తగులుతుందా అని. ఆ వేళ్లతోనే నీ బుగ్గ గిల్లేవారు. మొత్తం పదకొండు జాయింట్లు. లెక్కపెట్టుకుంటూ కొట్టు, పైకి వినపడేలా.

ఆయనకి ఒకసారి నడుం పట్టేసింది. నీకప్పుడు మూడేళ్లు. వంగలేరు, బండి కిందికి దూరలేరు. మర్నాడు సిమెంటు లోడు. మెకానిక్ దగ్గరికి పంపుదామన్నాను. పంపలేదు. "నువ్వు కొట్టు" అన్నారు. నాకు గాల్లో తేలినట్టైంది. నా తాళాన్ని నమ్మని మనిషి. ఇదే చాప మీద పడుకుని ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోయాను. ఆయన లోపల మంచం మీద. ఏడోది ఎడమ చక్రం దగ్గరది, స్టీరింగు కడ్డీ చివరిది. దానికి గన్ పెడితే పిడి కదలదు. గట్టిగా నొక్కాను. గ్రీజు లోపలికి పోలేదు, గన్ మూతి చుట్టూ బయటికి చిమ్మింది. బొడిపె లోపల మట్టి పూడిపోయిందన్నమాట. పిన్నుతో తీయాలి, అది నాకూ తెలుసు. లోపల నువ్వు ఏడుస్తున్నావు. నీ మీదకి తోయడం కాదే, ఏడుస్తున్నావు అంతే. చిమ్మినదాన్నే చేత్తో జాయింటు చుట్టూ రాశాను. కొట్టినట్టే నున్నగా మెరిసింది.

లోపలికెళ్తే "అన్నీ అయ్యాయా?" అని అడిగారు. "అన్నీ" అన్నాను. లేచి వచ్చి చూస్తారనుకున్నాను. చూడలేదు. ఆయన చూడనిది జీవితంలో అదొక్కటే.

ఆగకు, నువ్వు కానీ. ఎంతవరకు వచ్చావు? నాలుగా. సరే.

రెండు వారాలు నిండలేదు. దిగుడు మలుపులో ఆయన స్టీరింగు తిప్పారట, తిరిగిందట, ఎడమ చక్రం మాత్రం తిరగలేదట. బండి కల్వర్టు గోడకి కొట్టుకుంది. మోకాలు చితికింది. ఆ కాలు మళ్లీ వంగలేదు, నువ్వు చూసిందే. అంతకు నెల ముందు వంతెన దగ్గరుండే మెకానిక్ ఆ చక్రం విప్పి బిగించాడు. ఇంకేం, అందరూ అతని మీద పడ్డారు. మీ పెదనాన్న నలుగుర్ని వేసుకుని వెళ్లి కొట్టు ముందు నానా రభసా చేసొచ్చాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. నేనూ అతన్నే అనుమానించాను, నిజంగానే. రాత్రి అనుమానించి పొద్దున మానేసేదాన్ని. మీ నాన్న ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకటే మాట అన్నారు. "అతని తప్పు కాదు, వదిలెయ్యండి."

ఎవర్నీ వదలని మనిషి. ఎలా తెలిసిందంటావు?

విరిగిన జాయింటు ఇంటికి తెప్పించుకున్నారు. అరుగు మీద కూర్చుని గుడ్డతో తుడిచి, లోపలికి వేలు పెట్టి చూశారు, గ్రీజు చేరిందా అని. వంటింట్లోంచి నాకు వీపే కనిపించింది. ఆ గ్రీజు గుడ్డలు ఎప్పుడూ ఉతకడానికి నాకే వేసేవారు, చిరాకు పడేదాన్ని కూడా. ఆ రోజు గుడ్డ తనే తీసుకెళ్లి కుళాయి కింద ఉతుక్కున్నారు. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ వెళ్లి.

నన్నేమీ అడగలేదు. అడుగుతారని నెలలు చూశాను. అన్నం పెడుతుంటే చూశాను, తలుపేస్తుంటే చూశాను. అన్నట్టు, తర్వాత నా తాళం ఎప్పుడూ లాగి చూడలేదు. అదే నన్ను ఎక్కువ చంపింది. కాలు బాగుంటే చూసేవారేమోనని కూడా అనుకుంటాను.

డ్రైవర్ని పెట్టుకుని మళ్లీ బండి తిప్పేటప్పటికి గ్రీజు పని నాదే అయ్యింది. నేను కింద, ఆయన పక్కన స్టూలు మీద. కింద నుంచి చూస్తే ఆయన చెప్పులే కనిపించేవి, మొహం కనిపించేది కాదు. ఒకటి, రెండు అని ఆయనే లెక్కపెట్టేవారు. ఏడు దగ్గరకొచ్చేసరికి ఆగేవారు. "ఇంకోసారి కొట్టు." అంతే, అదే గొంతు. కోపం లేదు, ఏమీ లేదు. మిగతా పదింటికీ ఎప్పుడూ అనలేదు. తొమ్మిదేళ్లు.

ఒక ఆదివారం ఉండబట్టలేకపోయాను. కిందనే పడుకుని "ఏమండీ, ఆ రోజు నేను..." అన్నాను. చెప్పులు కదల్లేదు. "ఎనిమిది" అన్నారు.

ఆ వంతెన మెకానిక్కా? కొట్టు మూసేసి ఎటో వెళ్లిపోయాడు. బేరాలు పడిపోయాయి మరి. నేను నోరు విప్పి ఉంటే...

ఎంతవరకు వచ్చావు? ఏడు. పిడి కదలడం లేదా? గన్ తియ్యి. నా జడ పిన్ను, ఇదిగో. మట్టి మొత్తం తియ్యి. ఇప్పుడు పెట్టు. నల్లగా వస్తోందా? నువ్వే చూడు, వస్తోందని నాకోసం చెప్పకు. వచ్చిందా.

ఇంకోసారి కొట్టు.