త్రినాథరావు పిల్లలు, నా పిటీషను

ఏటల్లుడూ, పలాసలో టెన్తు పిల్లలకి ట్యూషనెట్టినావట, మీ అమ్మ ఫోన్లో సెప్పింది. కూకో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు వదులు, ఇటు మంచమ్మీద కూకో. ఏటీ, లేఖెలా సెప్పాలి, వ్యాసమెలా సెప్పాలి, కరపత్రమెలా సెప్పాలి అని అడగడానికొచ్చినావా? నన్నా? భలేవోడివిరా. ముప్పై ఏళ్లు టెక్కల్లో ట్యూషన్ సెప్పిన మాట నిజమే గానీ, నాకొచ్చింది ఒకటే లేఖ. విహారయాత్ర గురించి మిత్రునికి. పిల్లల సేత అది బట్టీ పట్టించీసీవోణ్ని. అందరూ అరకు ఎల్లినట్టు రాసీవోరు. అరకు ఆలూ సూడనేదు, నానూ సూడనేదు. పరీక్షలో పుట్టినరోజు గురించి రాయమన్నా మావోలు అరకులోనే పుట్టినరోజు సేసుకునీవోరు. అయినా మార్కులు పడిపోయీవి, ఆ రోజులలాటివి. నిజంగా రాయడం సెప్పడం తెలిసినోడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉండీవోడు. త్రినాథరావని, సముద్రమొడ్డున భావనపాడోడు. పోయి పదేళ్లయిపోయింది. ఆడి పేరెత్తడం ఇప్పటికీ నాకిష్టం నేదు. సెప్పమంటావా? సెప్తాను గానీ, మీ అత్తకి ఇనబడకుండా ఇటు జరుగు.

ఆడు పోడానికి రెండు మూడేళ్ల ముందనుకో, టెన్తు ప్రశ్నపత్రం మార్చీసినారు. కరపత్రం రాయి, సంభాషణ రాయి, నినాదాలు రాయి అని కొత్త కొత్తవి. అర్ధసంవత్సరం పరీక్షలో 'దోమల గురించి మీ ఊరివారికి ఒక కరపత్రం రాయండి' అని వొచ్చింది. నా కాడ ముప్పై రెండు మంది సదువుతన్నారు. ముప్పై రెండు మందీ ఏటి రాసినారనుకున్నావు? 'ప్రియమైన మిత్రునికి, నేనిక్కడ క్షేమం, నీవక్కడ క్షేమమని తలుస్తాను. మా ఊరిలో దోమలు ఎక్కువైనందున మేము అరకు వెళ్లితిమి.' నవ్వకు. నవ్వుతావేటి? మన పైడిరాజు, కరెంటు పని సేసీవోడు, ఆడి కొడుకూ నా కాడే సదివీవోడులే, మెట్ల మీద నిలబడి ఈధంతా ఇనబడేలా 'సారూ, దోమలకి కూడా బస్సు టిక్కెట్టు తీసినారేటండీ' అన్నాడు. అదే పరీక్షలో త్రినాథరావు పిల్లలకి పదికి తొమ్మిదులు, పదికి పదులు. ఆడేటి సదివినాడు? ఇంటరు. నాను డిగ్రీ. కరెస్పాండెన్సు అనుకో, అయినా డిగ్రీ డిగ్రీయే కదా.

ఆడి ట్యూషను వలలు దాసుకునే షెడ్డులో. ఆదివారం పొద్దున్న. పక్కనే ఎండుసేపల కళ్లం, అక్కడ బొడ్డమ్మని ఓ ముసిల్ది, ఒక్క అచ్చరం రాదు. కరపత్రం రాసిన గుంటణ్ని ఆవిడ కాడికి తోలీవోడు, ఎల్లి సదివి ఇనిపించమని. ఆవిడ సేపలు తిరగేస్తా ఇనీది. ఇనీసి 'బాగుంది నాయినా, అయితే ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావు?' అన్నాదంటే ఆ కరపత్రం తప్పినట్టే, మళ్లీ రాయాల. సదవడం అయ్యేసరికి నెగిసెల్లి తొట్టిలో నిలవ నీల్లు పారబోసిందనుకో, పాసు. లేఖంటే బోట్ల మీద పనికి ఎక్కడో దూరాన వేరావల్ రేవుకెల్లిన నాయినలకి నిజం ఉత్తరం, నిజం స్టాంపు. జవాబొస్తే పాసు. సంభాషణంటే సేపల ఏలంపాట కాడ నిలబెట్టి ఇనమనీవోడు, ఎవడు అడ్డొస్తన్నాడు, ఎవడు మాట మింగేత్తన్నాడు సూడండర్రా అని. వ్యాసమంటే సముద్రంలోకి ఏటకెల్లినోడి మాటా రాయాల, ఒడ్డునున్నోడి మాటా రాయాల, ఆనక నీ మాట రాయాల. ఇవన్నీ నాకెలా తెలుసా? నన్నొదిలి ఆడి కాడికెల్లిపోయిన పిల్లల్ని బజార్లో ఆపి, ఒకో జంతికల పొట్లం కొనిచ్చి అడిగీవోణ్ని. ముప్పై రెండు మంది పంతొమ్మిదయ్యారు, పంతొమ్మిది పదకొండయ్యారు. జంతికలోడు మాత్రం బాగుపడ్డాడు.

సరే, పోయినోలు పోనీ అనుకుందునా, మా రూప కూడా అప్పుడు టెన్తే. దానికి అచ్చరాలు దిద్దించింది నాను, పలక మీద సెయ్యట్టుకుని. ఆదివారం ఆదివారం 'రాణి ఇంటికెల్తన్నాను నాన్నా' అని ఆటో ఎక్కీసీది. ఓనాడు దాని నోటుపుస్తకం తెరిసినాను. గుప్పుమని ఎండుసేపల వాసన, ఆ కళ్లందే. ఇంకేటుంది? ఆ పూట అన్నం తిననేదు. మీ అత్త 'ఏటయింది, పన్ను నొప్పా' అంది. అవునన్నాను.

అప్పుడు సేసినాను ఎదవ పని. పిటీషనెట్టినాను. సదువులాఫీసుకి. డిగ్రీ నేకుండా ట్యూషన్ సెప్తన్నాడు, పరీక్షల పిల్లల్ని ఎండలో తిప్పుతన్నాడు, సేపలమ్మిస్తన్నాడని. అమ్మించడం నా కల్పన. దస్తూరీ తెలీకుండా ఎడం సేత్తో రాసినాను, ఏ వారం ఏటి సెయ్యించినాడో అంతా ఏకరువెట్టి మూడు పేజీలు, రెండు రోజులు పట్టింది. పై ఆదివారం ఆఫీసరొస్తాడని తెలిసి నానూ ఎల్లినాను. ఎందుకంటావేటి? ఆడి మొహం సూద్దామని. సేపలకొచ్చినట్టు రెండు చందువాలు కొని, బోర్లించిన పడవ ఎనకాల నిలబడ్డాను.

ఆఫీసరు బండి దిగి కాయితం తీసినాడు, 'నీ మీద పిటీషనొచ్చిందయ్యా' అని. ఆ త్రినాథరావు బెదరాల కదా? బెదరనేదు. 'ఓపాలి ఇలాగివ్వండి సార్, మావోలకి ఫిర్యాదు లేఖ ఇంకా సెప్పనేదు' అన్నాడు! ఢిల్లీరావని ఓ గుంటడు నెగిసి గట్టిగా సదవడం మొదలెట్టినాడు. మహారాజరాజశ్రీ... దివ్యసముఖమునకు... ఒకడు 'సార్, రెండు పేజీలయింది, ఏం కావాలో రానేదు' అన్నాడు. ఇంకోడు 'సార్, ఏ తారీకున జరిగిందో నేదు' అన్నాడు. కళ్లంలోంచి బొడ్డమ్మ, 'బాగుంది నాయినా, అయితే ఆ ఆపీసరు బాబునేటి సెయ్యమంటాడు?' సరే, ఇదంతా ఓర్సుకున్నాను. ఆకరికొచ్చినాడు. 'ఇట్లు, తమ విధేయుడు, ఇంటూ ఇంటూ ఇంటూ ఇంటూ. గ్రామం, ఇంటూ ఇంటూ ఇంటూ ఇంటూ.' ఒల్లు సచ్చిపోయిందిరా అల్లుడూ. పరీక్షలో పేరూ ఊరూ రాయకూడదు, ఆ జాగాలో నాలుగు ఇంటూలెయ్యండి అని ముప్పై ఏళ్లు సెప్పీసి సెప్పీసి, సెయ్యి దానంతటదే ఏసీసింది. అంతేనా, 'విషయము' కింద ఎర్రింకుతో, స్కేలెట్టి, రెండు గీతలు. ఎడం సేత్తో రాసినోణ్ని గీతలు మాత్రం ఎంత తిన్నగా కొట్టినానో! ఆఫీసరు 'ఇదేటయ్యా, పరీక్ష పేపర్లాగుంది' అని నవ్వినాడు.

ముందు వరసలో మా రూప. ఆ రెండు ఎర్రగీతలు అది ఒకటో తరగతి నుంచీ గీస్తంది. కాయితం దాని సేతికొచ్చింది. తల వంచుకుని సూసింది, సూసింది, ఎంతసేపో సూసింది. త్రినాథరావు 'ఏం రూపా, ఎన్ని మార్కులేద్దాం?' అన్నాడు. నాను పడవ ఎనక్కి ఇంకాస్త వొంగినాను. అదేటందో తెల్సా? 'ఇది ఫిర్యాదు కాదు సార్. రాసినాయనకి మీ క్లాసంటే ప్రాణంలాగుంది. మీరు ఏ వారం ఏం చెప్పారో ఒక్కటీ వదల్లేదు. లేఖకి సున్నా. వ్యాసమైతే ఎనిమిదెయ్యొచ్చు' అంది. అందరూ సప్పట్లు. ఆఫీసరు టీ తాగి ఎల్లిపోయినాడు. త్రినాథరావు నా పక్కనుంచెల్తా 'చందువాలు తాజావేనా సారూ' అన్నాడు, అంతే. తెలిసన్నాడో, తెలీకన్నాడో, ఇప్పటికీ నాకు అంతు సిక్కనేదు. రూప ఇంటికొచ్చి ఆ సేపలే తోమి పులుసెట్టింది. 'ఉప్పు సరిపోయిందా నాన్నా' అంది. ఆ పిటీషను గురించి మాత్రం ఒక్క మాట అననేదు, ఇన్నేళ్లలో.

ఆనక రెండేళ్లకి ఆడికి కిడ్నీలు పోయినాయి, మన ఉద్దానంలో ఇంటింటా ఉన్న జబ్బే కదా, ఆడూ పోయినాడు. ఎల్లినాను. సావుకెల్లి ఏటి సేసినాను, ఏడిసినానా? జనాన్ని లెక్కెట్టినాను. మూడొందల దాకా లెక్కెట్టి, నాకింతమంది రారని తేలాక మానీసినాను. పోయిన నెల్లాళ్లక్కూడా ఆడి పేర్న వేరావల్ నుంచి ఉత్తరాలొచ్చీవట. సచ్చినోడికి! నాకు బతికుండగా కరెంటు బిల్లు తప్ప ఏదీ రాదు.

ఇప్పుడు రూప నిమ్మాడలో టీచరు కదా. శనివారమొస్తే పిల్లల పేపర్లు ముందరేసుకుని దిద్దుతాది. నాను పక్కన కూకుంటాను, ఏదో ఒకటి అడక్కపోద్దా అని. దిద్దతా దిద్దతా ఫోన్లో తోటి టీచర్లకి సెప్తాది, 'మా సార్ అయితే ఇలా సెప్పీవోరండీ' అని. ఓపాలి నా సెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫోనెట్టీసాక అడిగినాను, 'ఏ సారే?' అని. అది తెల్లబోయి నా మొహంలోకి సూసి, 'త్రినాథరావు సారు. నువ్వు నాన్నవి కదా' అంది.

ఏటీ? నాన్నంటే అంతకన్నా ఎక్కువే కదా అంటావా?

నీకు ట్యూషనెట్టి ఎన్నాళ్లయింది? నాలుగు నెలలా? ముప్పై ఏళ్లు సెప్పినాక అను ఆ మాట.

ఆ గూట్లో జీడిపిక్కలున్నాయి, సంచిలో ఏసుకుని పట్టికెల్లు. మీ అమ్మకిష్టం.