పైకి లేవని తలుపు

వరండా వైపు పక్కకు జరిపే గాజు తలుపు దగ్గర స్టూలెక్కి, అత్తగారు పైపట్టాలోకి స్క్రూ బిగిస్తున్నారు. ఒక చేతికి కట్టుతో ఉన్న కోడలు, రెండో చేత్తో స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడింది.

“గొళ్లెం ఉంది కదా అత్తయ్యా!”

“గొళ్లెం ఉండగానే కదమ్మా, మొన్న నీ మొగుడు ఈ తలుపును పైకెత్తి, పట్టాలోంచి ఊడదీసి లోపలికొచ్చింది! కోర్టు రావద్దన్నా వచ్చి నీ చెయ్యి విరిచాడు. ఈ స్క్రూలుంటే తలుపు పైకి లేవదు. ఏదీ, ఎత్తి చూడు.”

“ఒంటి చేత్తోనా?”

“సరే, నేనే ఎత్తుతాను. చూశావా, కదిలితే ఒట్టు! కిందపట్టాలో ఈ కర్ర అడ్డం పడుకోబెడితే పక్కకీ జరగదు. కిటికీలకీ ఇలాగే చేద్దాం.”

“ఎవరు బిగించారని వీధి దద్దరిల్లేలా అరుస్తాడు.”

“మీ అమ్మేనని చెప్పు. నోరు పడిపోతుంది.”

“కన్నకొడుకు మీద మీకింత కోపమా?”

“కన్నాను కాబట్టే స్టూలెక్కాను. పరాయివాడైతే పోలీసులకు చెప్పి ఊరుకునేదాన్ని.”

“ఇక్కడ తలుపు ఊడి రాకపోతే తిన్నగా మీ ఇంటికే వస్తాడు అత్తయ్యా.”

“రానీ. మా తలుపుకు పొద్దున్నే స్క్రూలు బిగించి వచ్చాను.”