ర్యాంపు అడగవలసిన సోమవారం

ప్లోవ్‌దివ్ నగర గ్రంథాలయం మరమ్మతులు చూసే పెద్ద ఇంజనీరు రాదోస్లావ్‌ను ఖననం చేసిన రోజు, ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు, వయసులో పెద్దవాడైన ఒకతను, అతని దగ్గర పని నేర్చుకున్న ఒకామె, చనిపోయినవారి పేరిట అక్కడ పంచే ఉడికించిన గోధుమలు చేతిలో పట్టుకుని శ్మశానం గేటు దగ్గర నిలబడ్డారు. ప్లానులో మార్పులకు అనుమతినిచ్చే బాధ్యత ఆయన తర్వాత ఆమెకు వచ్చింది.

"అన్నా, మెట్ల పక్కన ర్యాంపు కావాలని మీరు రాసింది చూశాను. రాస్తే చాలదు, సోమవారం సమావేశంలో లేచి అడగండి, ఒప్పుకుంటాను."

"కాంక్రీటు కలపడం నీకు నేర్పింది నేను. నిన్ను లేచి నిలబడి అడగాలా?"

"ఆయన్ని అలాగే అడిగేవారు కదా."

"ఆయన వేరు. ఆసుపత్రికి కూడా నిన్నే పిలిపించుకున్నాడు. నన్ను గుమ్మం దాకా రానివ్వలేదు."

"మిమ్మల్ని చూస్తే ఏడుపొస్తుందన్నారు."

"అదీ నీకే చెప్పాడన్నమాట."

"చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు మీకేం చేశారన్నా? మంగళవారం మెట్లు పోస్తే ఇక ర్యాంపుకి చోటుండదు."

"అంత జాలుంటే నువ్వే అడిగి నువ్వే ఒప్పుకో."

"అడిగినవాళ్లు ఒప్పుకోకూడదని ఆయనే కదా నియమం పెట్టింది."

"చూడు, ఆయన మాటలు కూడా నీవే అయిపోయాయి."

సోమవారం అతను సమావేశానికి వచ్చి, చివరిదాకా కూర్చునే ఉన్నాడు. మంగళవారం మెట్లకు కాంక్రీటు పోశారు. ఆ గ్రంథాలయానికి ఇప్పటికీ ర్యాంపు లేదు.