కృప అంటే ఏందని అడిగిన నర్సయ్య

"అమ్మమ్మా, ఫోన్ ఆన్ జేసిన. సెమినరీల మాకు ఒక పేపర్ రాయమన్నరు. సూరత్ గోడాదరాల తెలుగోళ్ళకు ప్రశ్నోత్తరాల క్లాసు మీరే మొదలువెట్టిండ్రంట గదా, అది ఎట్లయిందో చెప్పుండ్రి."

మొదలా? ఆగు బిడ్డా, జర సర్దుక కూసోని. నువ్వు చాయ్ తాగు, సల్లారుతది.

మా పెద్దాయన రైల్వేల పట్టాల పని జేస్తుండె, ఉధ్నా కాడ. పెండ్లయిన ఏడే వచ్చినం... కాదు కాదు, పెద్దోడు పుట్టినంక వచ్చినం. మాది మెదక్ దిక్కు. ఆడ దొరల కాలం నాటి ఆంగ్లికన్ పద్ధతి చర్చి ఉండె. ఈడ సూరత్‌ల గూడ మన పద్ధతి చర్చే దొరికింది గని అంత గుజరాతీల. పద్ధతేందో నీకు చెప్పాల్నా! చిన్నప్పుడు బాప్తిస్మం, పెద్దగైనంక ప్రశ్నలు, జవాబులు నేర్సుకుంటే బిషపయ్య వచ్చి తల మీద చెయ్యి వెట్టి కన్ఫర్మేషన్ ఇస్తడు. గది అయితెనే ప్రభుబల్ల కాడ మోకాళ్ళూని రొట్టె, రసం తీసుకోవాలె.

పిల్లలకు బాధ లేకుండె, ఆళ్ళు గుజరాతీ బడికి పోతరు. బాధంత పెద్దోళ్ళకే. మగ్గాల షెడ్లకెళ్ళి వచ్చెటోళ్ళకు గుజరాతీల జవాబులంటె ఎట్లొస్తయ్? మా పాస్టరయ్య గుజరాతీ ఆయన, మంచోడు. ఒకనాడు నన్ను పిలిసి, "మరియమ్మబెన్, ఆప్ సిఖాయియే" అన్నడు, మీరే నేర్పుండ్రని. మా అత్త ఇచ్చిన పాత తెలుగు పుస్తకం ఉండె నా కాడ. నేను సదివింది ఏడో తరగతి. అయినా పుస్తకం మొత్తం నోటికొచ్చు, చిన్నప్పుడు గడగడ చెప్పినందుకు స్టీలు గిలాస బహుమానం గూడ ఇచ్చిండ్రు. ఇంకేంది, ఆదివారం పగటీలి మా ఇంట్లనే సాప పరిసిన.

ఏడెనిమిది మంది వచ్చెటోళ్ళు. అందుల నర్సయ్య అని ఒకాయన. ముప్పై ఏండ్లు పవర్‌లూమ్‌ల కాడ నిలవడి చెవులు పోయినయ్ ఆయనకు. షెడ్డుల ఆ సప్పుడుకు ఎవల మాట ఎవలకు వినవడదు, అందరు పెదవులు జూసే మాట్లాడుకుంటరు. గట్లనే నా ముంగట్నే కూసోని నా నోరు జూసెటోడు. ఆయన భార్య సుశీల ఎప్పటి నుంచో బల్ల కాడికి పోతది. ఈయనకు బాప్తిస్మమైంది గని, చెవులు వినవడక ఏ క్లాసు సాగలే. ఆమె ముందటికి పోయి మోకాళ్ళూనుతె ఈయన ఎనక బెంచీ మీద ఒక్కడే. "సుశీల పక్కన మోకాళ్ళూనాలె నాకు" అనెటోడు. గంతే ఆయన కోరిక.

ఒకనాడు చెయ్యి లేపిండు. చెవులు వినవడనోళ్ళ గొంతు పెద్దగుంటది గదా, గల్లీ అంత వినవడెటట్టు, "కృప అంటే ఏంది?" అన్నడు. నేను పుస్తకంల జవాబు చెప్పిన. తల అడ్డం ఊపి, "గది నువ్వు సదివింది. నాకు అర్థం గావాలె" అన్నడు.

ఏం చెప్పను? నాకూ తెల్వదు! పదేండ్ల పిల్లప్పటి నుంచి నోటికొచ్చిన మాట, ఒక్కనాడు గూడ దానర్థం ఏందని అనుకోలే. వచ్చేవారం చెప్తనన్న. వచ్చేవారం వంట్ల బాలేదని అబద్ధమాడిన. ఆ మీది వారం గూడ అదే మాట. మా పెద్దాయన జూసి జూసి, "తెల్వదని చెప్తె పాపమా ఏంది? పోయి నేర్సుకో" అన్నడు. గంత సీదా మనిషి.

పాస్టరయ్యకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన నవ్వలే బిడ్డా, అందుకే ఇప్పటికీ ఆయన్ను యాద్ జేస్త. మనసొంటోళ్ళకు వేదాంతం నేర్పే కోర్సు ఉందని చెప్పిండు. పుస్తకాలు టపాల వస్తయ్, అంత హిందీల. మూడు నెల్లకోసారి అహ్మదాబాద్ పోయి క్లాసుల కూసోవాలె. నాకప్పటికి నలభై ఎనిమిదేండ్లు. టీచర్లు, క్లర్కుల నడుమ నేనొక్కదాన్నే చీర కొంగుల పెన్ను ముడేసుకొని! మొదటి పరీక్ష ఫెయిలైన. కాయితం మీద సారు ఏం రాసిండో తెల్సా? నీ హిందీ బాలేదు గని నీ అనుమానాలు బాగున్నయ్ అని. ఆ మాట పట్టుకొని మల్ల రాసిన. రెండోసారి పాసైన.

ఇగ అప్పుడు కొత్త నోట్‌బుక్ తీసిన. ఒక్కొక్క ప్రశ్నను, జవాబును మనం మాట్లాడుకునే తీరుగ రాసుడు, ఆదివారం సదివి వినిపిచ్చుడు. నర్సయ్య తల అడ్డం ఊపిండా, ఆ లైను కొట్టేసుడు. ఎన్ని లైన్లు కొట్టేసిననో! రెండేండ్లు పట్టింది.

అందరికి నచ్చలేదు మల్ల. కమిటీల ఒక తెలుగు పెద్దమనిషి, బ్యాంకుల ఆఫీసరు జేసి రిటైరయినాయన, "పెద్దలు పెట్టిన మాటలను షెడ్డు భాషల రాస్తవా? ఇట్ల నేర్సుకున్నోళ్ళకు కన్ఫర్మేషన్ ఎట్లిస్తరు?" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. పాస్టరయ్య, "బిషపయ్యే వచ్చి అడుగుతడు, ఆయనే జూసుకుంటడు" అన్నడు.

బిషపయ్య వచ్చిండు. చర్చి నిండ జనం. నర్సయ్యకు సుశీల తెల్లంగి ఇస్త్రీ జేసి తొడిగింది. బిషపయ్య ఆయన ముంగట నిలవడి హిందీల నెమ్మదిగ అడిగిండు, కృప అంటే ఏందని. గదే అడగాల్నా! నర్సయ్య జూస్తుండు, జూస్తుండు... బిషపయ్యకేమో గింత గడ్డం, మీసాలు. పెదవులు కనవడ్తలేవ్! నేను లేసి అడగబోతె ఆ బ్యాంకాయన, "ఆమె జవాబు అందిస్తది" అన్నడు. బిషపయ్య అటుదిక్కు తిరిగి, "అయితే మీరే అడగండి" అని హిందీల అన్నడు. బ్యాంకాయనకు గడ్డం లేదు గదా.

అడిగిండు పాపం. పుస్తకం తీరుగనే, "కృప యనగానేమి?" అన్నడు. నర్సయ్య ఆయన నోరు జూసి, నవ్వి, చర్చి మొత్తం వినవడెటట్టు చెప్పిండు. "దారం తెగి పాడైన డ్యామేజ్ బట్టను సేఠ్ పక్కకు ఇసిరేస్తడు. దేవుడు గదే తీసి ఒంటికి కట్టుకుంటడు. గదే కృప."

నా నోట్‌బుక్‌ల గీ మాట లేదు బిడ్డా. ఒట్టు.

బిషపయ్యకు తెలుగు రాదు. హిందీల చెప్పాల్సింది ఆ బ్యాంకాయనే. సగం చెప్పి నర్సయ్య దిక్కు జూసిండు. మల్ల మొదటికెళ్ళి చెప్పిండు. అది ఇని బిషపయ్య నర్సయ్య తల మీద రెండు చేతులు వెట్టిండు.

బల్ల కాడికి పోయినప్పుడు సుశీల జర పక్కకు జరిగి జాగ ఇచ్చింది. ఇద్దరు పక్కపక్కన మోకాళ్ళూనిండ్రు. నేను పాట మర్సిపోయి ఆళ్ళనే జూసుకుంట నిలవడ్డ.

ఆ బ్యాంకాయన మర్నాడే ఇంటికొచ్చిండు. నా అక్షరాలు కోళ్ళు గీరినట్టుంటయని ఆయనే కొత్త నోట్‌బుక్ కొనుక్కొచ్చి ముత్యాలోలె రాసి ఇచ్చిండు. ఒక్క మాట గూడ మార్సలే. నర్సయ్య జవాబు గూడ రాసిండు, కింద ఆయన పేరు వెట్టి. దాన్నే జిరాక్సులు దీసి హజీరా కంపెనీల కాడున్న మనోళ్ళు గూడ నేర్పుతున్నరు. నర్సయ్య, సుశీల ఇప్పుడు ఊరవతల కామ్‌రేజ్‌ల బిడ్డ కాడ ఉంటరు, పండుగలకు వస్తరు. నేనా? నాకేం తక్కువ. ఆదివారమైతె ఇల్లు నిండుతది.

నువ్వు రేపు చర్చిల పాస్టర్ అయ్యగారివైతవ్. ఆడపిల్ల బల్ల కాడ నిలవడి రొట్టె ఇచ్చుడు జూస్తననుకోలే నేను, జూస్త. నీ ముంగట ఎవలన్న లేసి, అర్థం గాలేదు అంటె కోపం జెయ్యకు బిడ్డా. ఆళ్ళ కాడనే కూసో. నువ్వు సదివే ప్రతి అక్షరం నీకు వెలుగు గావాలె, నీ నోటి మాట పది మందికి ఆసర గావాలె. సల్లగుండు... ఫోన్ ఇంక నడుస్తనే ఉందా? బందు జెయ్యి, అన్నం తిందాం దా.