జూమ్ బాబాయి తుడిచేసిన గ్రహం

వీధిలో అందరికీ ఆయన జూమ్ బాబాయి. చీమని చూసొచ్చి ఏనుగుని చూశానంటాడు, మళ్లీ అడిగితే దాని మీదెక్కి ఊరంతా తిరిగానంటాడు, అందుకని ఆ పేరు. ఫొటోగ్రాఫర్ పిల్లకి మాత్రం ఆయన సొంత బాబాయే, నాన్న తమ్ముడు. అదే ఆమె ఖర్మ.

లేకపోతే ఆ సాయంత్రం ఒళ్లో కెమెరా పెట్టుకుని ఆయన వరండాలో ఎందుకు కూర్చుంటుంది? ఇన్నాళ్లూ స్టూడియోలో ఎవరో తీసే ఫొటోలకి లైట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లకి మొదటిసారి సొంతంగా ఓ పని దొరికింది. ఊరి చివర కొత్తగా కట్టిన ఆసుపత్రి, తెల్లటి గోడలు, పైన బోలెడంత ఆకాశం. మర్నాడు పొద్దున్నే వెళ్లి తీయాలి. తీరా ఆ మధ్యాహ్నం సరిచూసుకుందామని నాలుగు ఫొటోలు తీసి చూసుకుంటే ప్రతి ఆకాశంలోనూ ఒకే చోట నల్లటి మచ్చ. లెన్స్ మార్చినా మచ్చ కదల్లేదు. అంటే దుమ్ము లోపలుంది, బొమ్మ పడే సెన్సార్ మీదే ఉంది. దాని మీద ఓ గీత పడిందా, ఇక కెమెరా పనైపోయినట్టే. రిపేరు షాపువాళ్లు వారం ఆగమన్నారు. తనే చేసుకుందామని గాలి కొట్టే రబ్బరు బుడ్డి కొనుక్కొచ్చింది, ఎలా చేయాలో చదువుకుంది కూడా, కానీ ధైర్యం చాలలేదు. "బాబాయిని ఇంట్లో పెట్టుకుని భయమెందుకే? అలాంటివి ఎన్ని చేశాడో!" అని నాన్న బలవంతాన పంపించాడు.

ఎన్ని చేశాడో చెప్పడానికి బాబాయికి ఒకరు అడగక్కర్లేదు. వరండాలో అప్పటికే ఇద్దరున్నారు. వీధి మొదట్లో సెలూన్ నడిపే ఆయన ఒకడు, బస్సు డ్రైవరుగా రిటైరైన ఎదురింటాయన ఇంకొకడు. పిన్ని టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

"సెన్సారా? అదో పనిటే అమ్మాయ్?" అన్నాడు బాబాయి కాలు మీద కాలేసుకుని. "మా ఆఫీసులో కాషియర్ ఉండేవాడు, వాడి కెమెరాలో దుమ్ము పడింది. తీసుకురారా అన్నాను. తలుపులు మూశాను, ఫ్యాను ఆపాను, ఉఫ్ అని ఒక్క ఊదు ఊదాను, అంతే."

పిల్లకి కొంచెం ధైర్యం వచ్చింది. తలుపులు మూయాలి, ఫ్యాను ఆపాలి, ఇవి తను చదివినవే. నోటితో ఊదడమే అనుమానంగా అనిపించింది. "ఊదితే తుంపరలు పడవూ, బాబాయ్?"

"అందరూ ఊదితే పడతాయి. నేను ఊదితే పడవు. నాది పొడి ఊపిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కబురు ఎలా పాకిందో ఏమో, తెల్లారేసరికి మన గుమ్మం ముందు కెమెరాలు క్యూ కట్టాయి. స్టూడియోలవాళ్లు, పేపర్లవాళ్లు, పోలీసులు కూడా వచ్చారు. ఒక్కొక్కటీ తీసి ఊదితే ఎప్పటికి అవుతుందని అన్నిటినీ మూతులు తీసి ఈ వరండా గోడకి వరసగా పేర్చి, ఆ చివర నిలబడి ఈ చివరిదాకా ఒక్క ఊపిరితో ఊదుకుంటూ వచ్చేశాను. మధ్యలో గాలి పీల్చలేదు. పీలిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది కదా."

"మాటలా మరి!" అన్నాడు డ్రైవరు, టీ ఊదుకుంటూ.

"అప్పుడొచ్చిందయ్యా హెలికాప్టర్. ఓ పెద్దమనిషి, పేరు చెప్పకూడదు, మన మిద్దె మీదే దిగాడు. దాని రెక్కలకి వీధిలో దుమ్మంతా లేచిపోయింది. నేనేమో కెమెరా విప్పేశాను, సెన్సార్ బయట కనపడుతోంది, దుమ్మేమో మబ్బులా మీదికి వస్తోంది. ఇంకొకడైతే బావురుమంటాడు. నేను జేబురుమాలు తీసి, వచ్చిన రేణువుని వచ్చినట్టే గాల్లోనే పట్టేశాను. ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు."

"హెలికాప్టర్ దిగితే నేనెక్కడున్నానో!" అంది పిన్ని.

"నువ్వు నిద్రపోతున్నావు. లేపడమెందుకని నెమ్మదిగా దిగమన్నాను."

సెలూనాయన ముసిముసిగా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. హెలికాప్టర్ ఎక్కడ దిగితే తనకేం? ఈయన వేళ్లు రేపటి తన పనిలోకి దిగబోతున్నాయి. వద్దు బాబాయ్ అని లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్తే పెద్దవాణ్ణి అవమానించావని నాన్న నెలరోజులు మాట్లాడడు. కెమెరాని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఇదంతా ఓ ఎత్తు, ఆకాశంలో కెమెరా ఓ ఎత్తు," అని బాబాయి గొంతు తగ్గించాడు. అందరూ వద్దనుకుంటూనే ముందుకు వంగారు. "భూమి చుట్టూ తిరుగుతూ నక్షత్రాల్ని ఫొటోలు తీసే కెమెరా ఒకటుంది, తెలుసుగా? దాన్లో ఓ కొత్త గ్రహం కనిపించిందని సైంటిస్టులు ఒకటే సంబరం. పేరు పెట్టేశారు, పిల్లల పుస్తకాల్లో పాఠం కూడా ఎక్కించేశారు. నేను పేపర్లో ఆ ఫొటో చూశాను. చూడగానే, ఒరేయ్ అది గ్రహం కాదురా, దుమ్మురా అన్నాను. విన్నారా? వినలేదు. సరే, మీ ఇష్టం అని, బట్టలు ఆరేసుకునే గెడకర్ర తీసుకుని, దానికి ఇంకో గెడకర్ర కట్టి, దానికి ఇంకోటి కట్టి, చివర మీ పిన్ని పాత చీర మెత్తటి ముక్క చుట్టి, ఆ కెమెరా మన మిద్దె మీదుగా వెళ్లే వేళ చూసి..."

"ఏవండీ, ఆ ఏడంతా మీరు కాలు విరిగి మంచంలో ఉన్నారు," అంది పిన్ని.

"అందుకేగా కిటికీలోంచి తుడవాల్సి వచ్చింది! లేకపోతే ఇంకా తొందరగా అయ్యేది. ఒక్క తుడుపు. గ్రహం మాయం! పుస్తకాల్లో పాఠం చింపేశారు."

"మరి ఆ గ్రహం మీద ఎవరైనా ఉండి ఉంటేనో?" అన్నాడు డ్రైవరు.

"తుడిచేముందు తప్పుకోమని కేకేశాను," అన్నాడు బాబాయి తడుముకోకుండా. "నేనంత దయలేనివాణ్ణి కాదు. ఏదీ, ఇలా తే అమ్మాయ్."

తీసుకోవడం ఏమిటి, లాక్కున్నట్టే లాక్కున్నాడు. లెన్స్ గిర్రున తిప్పి ఊడదీశాడు.

"బాబాయ్, ముందు నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ వేయాలి. సంచిలో ఉంది, ఇస్తానుండు."

"తుడవడానికి బ్యాటరీ ఎందుకే పిచ్చిదానా? చీపురుకి బ్యాటరీ వేస్తున్నామా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. బాబాయి ఆ నవ్వుకి పొంగిపోయి లుంగీ చెంగు వేలికి చుట్టుకున్నాడు, టీ గ్లాసు అంచున ఉన్న ఆవిరికి చూపించి తడి చేశాడు, కెమెరా లోపలికి తొంగి చూశాడు. "ఆహా! చూశావా, ఎలా తళతళలాడుతోందో? నా మీసం వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. సెన్సార్ అంటే ఇదీ!"

వేలు లోపలికి వెళ్లబోయింది. పిల్ల ఆ మణికట్టు ఒడిసి పట్టుకుంది. పెద్దా చిన్నా ఏమీ గుర్తులేదు.

"అది సెన్సార్ కాదు బాబాయ్. అద్దం."

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. పిల్ల ఆగలేదు.

"లెన్స్‌లోంచి వచ్చే వెలుగుని కంటి దగ్గరికి పంపే అద్దం అది. దాని మీద ఎంత దుమ్మున్నా ఫొటోలో పడదు. సెన్సార్ దాని వెనకాల ఉంటుంది. బ్యాటరీ వేసి మెనూలోకి వెళ్లి చెబితే అద్దం పైకి లేచి నిలబడుతుంది, అప్పుడుగానీ సెన్సార్ కంటికి కనపడదు. మధ్యలో చార్జింగ్ అయిపోతే అద్దం దబ్బున కింద పడుతుంది. అందుకే నిండా ఉండాలన్నాను. ఇన్ని కెమెరాలు తుడిచావు కదా, అద్దం ఎలా లేపేవాడివి?"

"అద్దమా?" అన్నాడు బాబాయి. "ఏ అద్దం?"

పిల్ల కెమెరా తీసుకుని పిన్ని గదిలోకి వెళ్లింది. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, బ్యాటరీ వేసి బటన్ నొక్కింది. టక్కున అద్దం లేచింది. వెనక నుంచి అందరూ గుమ్మం దగ్గరికి చేరారు. బాబాయి పిన్ని భుజం మీంచి మెడ చాచి చూశాడు. లోపల రంగురంగుల మెరుపుతో నల్లటి చిన్న పలక.

"ఇదెప్పుడు పెట్టారు?" అన్నాడు. "కొత్త మోడల్ కాబోలు."

"ఊపిరి బిగపట్టండి, మీది పొడి ఊపిరైనా సరే," అంది పిన్ని.

పిల్ల కెమెరా నోరు నేలవైపు తిప్పి, రబ్బరు బుడ్డి మూతి దేనికీ తగలకుండా కాస్త దూరంగా పట్టుకుని, బుస్ బుస్‌మని గాలి కొట్టింది. ఇందాక ఆయన మణికట్టు పట్టుకున్నప్పుడే ఆమె భయం పోయినట్టుంది. లెన్స్ బిగించి తెల్లగోడని ఫొటో తీసి, పెద్దది చేసి మూలమూలా చూసుకుంది. మచ్చ లేదు. ఆనందం పట్టలేక పిన్నిని వాటేసుకుంది. రేపు ఆసుపత్రి మీద ఆకాశం ఆకాశంలాగే ఉంటుంది.

"నేను దగ్గరుండబట్టి గానీ..." అని బాబాయి ఏదో మొదలెట్టబోయాడు.

"గురువుగారూ," అన్నాడు సెలూనాయన. సాయంత్రం నుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. "కటింగులు ఫొటోలు తీసి షాపులో పెట్టుకుందామని నేనో కెమెరా కొన్నాను, గుర్తుందా? పోయిన నెల మచ్చ పడుతోందని మీకిస్తే మీరు తుడిచిచ్చారు. అప్పట్నుంచి కన్ను పెట్టి చూస్తే లోపలంతా మసకమసక. ఫొటోలో మచ్చేమో అలాగే ఉంది. అదేమిటండీ అంటే, కెమెరా బంగారంలా ఉంది, నీ చూపే పోయింది, డాక్టరు దగ్గరికి పో అన్నారు."

బాబాయి వేలికి చుట్టుకున్న లుంగీ చెంగు విప్పి సర్దుకున్నాడు.

"వెళ్లాను. ఏమీ లేదని డాక్టరు మొత్తుకున్నా వినకుండా, మీ మాట మీద ఇది చేయించుకున్నాను." సెలూనాయన ముక్కు మీది కళ్లజోడు తీసి, మడిచి, బాబాయి జేబులో పెట్టాడు. ఆయన గడ్డం వంక ఓసారి తేరిపార చూశాడు.

"బాగా పెరిగింది గురువుగారూ. పొద్దున్నే షాపుకి రండి, నా చూపు ఎంత పోయిందో మీ గొంతు మీదే చూద్దాం."